కరెంటు పోయిన రాత్రి చూడాల్సిన సినిమాలు

ఎవరూ పేరు వినని, బడ్జెట్ లేని సైన్స్ ఫిక్షన్ హారర్ సినిమాలను కొందరు వెతికి మరీ ఎందుకు చూస్తారని నన్ను ఒకరు అడిగారు. నేను చూస్తాను. ఆ పిచ్చి మా మామ్మ దగ్గర పట్టుకుంది.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కరెంటు పోతే మామ్మ అరుగు మీద కూర్చుని కొరివి దెయ్యం సంగతి చెప్పేది. కాలువ అవతలి గట్టు మీద ఒక దీపం నడుచుకుంటూ పోతుంది, అంతే. దానికి కాళ్లుంటాయా అంటే "నేనూ దూరం నుంచే చూశాను నాన్నా" అనేది.

కొన్నేళ్ల క్రితం వానాకాలంలో ఒక రాత్రి లాప్‌టాప్‌లో 'కోహెరెన్స్' (2013) చూశాను. దర్శకుడు జేమ్స్ వార్డ్ బిర్కిట్ దాన్ని సొంత ఇంట్లో ఐదు రాత్రుల్లో తీశాడు. నటులకు స్క్రిప్ట్ ఇవ్వలేదు, ఏ రోజుకారోజు ఎవరి నోట్స్ వాళ్లకే ఇచ్చాడు. అందుకే వాళ్ల మొహాల్లో కంగారు నిజంగా ఉంటుంది. ఎనిమిది మంది భోజనానికి కలుస్తారు, పైన తోకచుక్క పోతుంటుంది, కరెంటు పోతుంది. వంచితే వెలిగే నీలం గ్లో స్టిక్‌లు పట్టుకుని బయటికెళ్లినవాళ్లకు చీకట్లో ఎర్రవి పట్టుకున్న గుంపు కనిపిస్తుంది. వాళ్లెవరో చెప్పను. ఆ సీన్‌కి నా చేతులు చల్లబడిపోయాయి. అక్కడ ఖర్చల్లా ఆ ప్లాస్టిక్ పుల్లలే!

సరిగ్గా అప్పుడే మా ఊళ్లోనూ కరెంటు పోయింది. పెరట్లోకి వెళ్తే కొబ్బరిచెట్ల అవతల ఒక లైటు కదులుతోంది. రొయ్యల చెరువు దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయి ఉంటాయి, కాపలా కుర్రాడు జనరేటర్ వేయడానికి పరుగెడుతున్నాడు. నాకు తెలుసు. అయినా లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాను.

డబ్బున్న సినిమా అయితే భయపెట్టే జీవిని తెచ్చి ముందు నిలబెడుతుంది, చూసేశాక నా భయం సగం పోతుంది. లేనివాళ్లు మాటల్లో చెప్పి వదిలేస్తారు. జార్జ్ రొమెరో 1968లో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసినప్పుడు, చచ్చినవాళ్లు లేచి రావడానికి శుక్రుడి నుంచి తిరిగొస్తున్న ఉపగ్రహం రేడియేషనే కారణం కావచ్చని టీవీ వార్తల్లో చెప్పిస్తాడు. ఆ ఉపగ్రహం ఎక్కడా కనిపించదు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రక్తానికి చాక్లెట్ సిరప్ సరిపోయింది.

వీటిలో చెత్త కూడా చాలా ఉంటుంది. లైటింగ్ చేతకాక చీకటిగా తీసినవి నేను సగంలోనే ఆపేస్తాను.

మొదలుపెట్టాలంటే 'కోహెరెన్స్'తో మొదలుపెట్టండి. ట్రైలర్ చూడకండి. ఇంట్లోవాళ్లు పడుకున్నాక, ఫోన్ దూరంగా పెట్టి చూడండి.