మీటింగ్ కనుక్కోవడం ఒక ఎత్తు, లోపలికి వెళ్లడం ఒక ఎత్తు

మీరు అడిగినవి మూడు: హైదరాబాద్‌లో తాగుడు మానేవాళ్ల మీటింగులు ఎలా కనుక్కోవాలి, ఇంగ్లీషు రాకపోతే ఇబ్బందా, తెలిసినవాళ్లెవరైనా చూస్తే పరువేం కాను. నేను ఏడేళ్లుగా ఆల్కహాలిక్స్ అనానిమస్‌కి వెళ్తున్నాను. మేమంతా ఏఏ అంటాం.

వీటికంటే ముందు ఒక మాట. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఒక గుక్క పడితేగానీ వణుకు ఆగడం లేదా? అయితే మీటింగు సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నేను పంతం పట్టి ఎవరికీ చెప్పకుండా ఒక్కసారే ఆపేశాను. మూడో రోజు బాత్రూములో ఫిట్స్ వచ్చి పడిపోయాను. రోజూ బాగా తాగేవాళ్లు హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందని ఆసుపత్రి మంచం మీద తెలిసింది. అక్కడ కొన్ని రోజులు మందులిచ్చి, బి1 విటమిన్ ఎక్కించి మామూలు మనిషిని చేశారు. ఎవరి సలహానో విని ఇంట్లోవాళ్లు అన్నంలో తెలియకుండా తాగుడు మాన్పించే మాత్రలు కలుపుతామంటే మాత్రం వద్దనండి. ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే చాలా ప్రమాదం.

నేనేమీ అంత తేలిగ్గా దారికి రాలేదు. అంతకుముందు రెండుసార్లు అయ్యప్ప మాల వేశాను. 41 రోజులూ చుక్క ముట్టలేదు. 'తాగుబోతునైతే ఇన్ని రోజులు ఉండగలనా' అని మా ఆవిడతో వాదించేవాణ్ణి. మాల తీసిన రోజు సాయంత్రం ఎక్కడున్నానో అడక్కండి.

ఇక మీటింగుల విషయం. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊళ్లవారీగా ఫోన్ నంబర్లు, మీటింగుల వివరాలు ఉంటాయి. అక్కడ ఫోన్ ఎత్తేది జీతగాడు కాదు, ఒకప్పుడు మనలాగే తాగినవాడు. కాబట్టి నసగక్కర్లేదు. ఫోన్ చేయకుండా నేరుగా వెళ్లకండి, టైములు మారుతుంటాయి. ప్రభుత్వం వాళ్ల 14446 కూడా ఉంది, టోల్ ఫ్రీ. డీ-అడిక్షన్ సెంటర్ కావాలంటే అక్కడ అడగండి. ఇల్లు కదల్లేని రోజుల్లో ఆన్‌లైన్ మీటింగులున్నాయి గానీ, మొదట్లో మనుషుల మధ్య కూర్చోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆన్‌లైన్‌లో కెమెరా ఆపేసి గ్లాసు పట్టుకున్నా ఎవరికీ తెలియదు. నేను చేశాను కాబట్టే చెబుతున్నా.

చాలాచోట్ల మీటింగులు చర్చి ఆవరణలోనో స్కూలు గదిలోనో జరుగుతాయి. అద్దె తక్కువ, అంతే. మతానికీ దానికీ సంబంధం లేదు. నేను వెంకన్నను తలచుకుంటాను, నా పక్కన కూర్చునే ఆయన ఏ దేవుణ్ణీ నమ్మడు. ఫీజు లేదు. చివర్లో ఒక సంచి తిప్పుతారు, ఇష్టమున్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు. కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ చూడరు. తాగుడు మానాలనే కోరిక ఒక్కటుంటే చాలు, ఇంకే అర్హతా అడగరు.

నేను మొదట వెళ్లింది సికింద్రాబాద్‌లో ఒక స్కూలుకి. ఎదురుగా టీ కొట్టులో నిలబడి, లోపలికి వెళ్లేవాళ్ల మొహాలు చూసి, రెండు టీలు తాగి ఇంటికొచ్చేశాను. మరుసటి వారం గేటు దాకా వెళ్లాను. తెల్లచొక్కా పెద్దాయనొకరు వరండాలో కుర్చీలు మోస్తూ, 'బాబూ, ఆ రెండూ పట్టుకురా' అన్నాడు. పట్టుకెళ్లాను. పెట్టాక బయటికి రావడానికి మొహం చెల్లక కూర్చున్నాను. గోడ మీద అ-అమ్మ, ఆ-ఆవు చార్టు. పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరుక్కుని పది పన్నెండు మంది. ఒకాయన తెలుగులో, ఇంకొకాయన హిందీలో, ఒకావిడ ఇంగ్లీషు కలిపి మాట్లాడారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు. నా వంతు వచ్చినప్పుడు పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాను. అదీ అసలు పేరు కాదు! దానికీ ఎవరూ ఏమీ అనలేదు.

పరువు భయం నాకూ ఉండేది. నాలుగో వారం మా కాలనీ మనిషే ఎదురయ్యాడు, ఇద్దరం తెల్లబోయాం. ఆయన వచ్చిందీ అందుకే కదా, ఎవరికి చెబుతాడు? అక్కడ విన్నది బయట చెప్పకూడదన్న నియమాన్ని ఇన్నేళ్లలో ఎవరూ మీరగా నేను చూడలేదు.

ఐదు నెలల తర్వాత ఒక గృహప్రవేశంలో 'ఒక్క పెగ్గుకి ఏమవుతుంది బావా' అన్నారు. ఆ ఒక్కటి తొమ్మిది రోజులు నడిచింది. మళ్లీ ఆ గదికి వెళ్లాలంటే మొదటిసారి కన్నా సిగ్గేసింది. తెల్లచొక్కా పెద్దాయన టీ గ్లాసు చేతికిచ్చి, 'ఇవాళ ఎన్నో రోజు' అని అడిగాడు. 'మొదటి రోజు' అన్నాను. ఆ రాత్రే ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను. మీరు మాత్రం మొదటి మీటింగులోనే ఇద్దరి నంబర్లు తీసుకోండి. వైన్ షాపు ముందు నిలబడినప్పుడు ఏఏ పుస్తకంలో చదివింది గుర్తుకు రాదు, ఫోన్ చేతిలో ఉంటుంది.

మీ ఆవిడ కూడా వస్తానంటే, ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరుగా ఉంది. మీరు వెళ్లే మీటింగు ఓపెనా, క్లోజ్‌డా అని ఫోన్‌లోనే అడగండి. క్లోజ్‌డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఏ గేటు, ఏ అంతస్తు అని కూడా అడగండి. ఆ టీ కొట్టు రోజు నేను ముందుగా వెళ్లింది తాళం వేసిన వెనక గేటుకి. వెనక్కి రావడానికి నాకు ఆ సాకు చాలింది.