క్లోమం తీయించుకునే ముందు

ఆమదాలవలస

చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. నిన్ను క్లోమం (ప్యాంక్రియాస్) వాపుతో విజయనగరంలో మళ్లీ అడ్మిట్ చేశారట, ఈ ఏడాదిలో నాలుగోసారట. క్లోమం మొత్తం తీసేసి, అందులో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని కాలేయంలో పెట్టే ఆపరేషన్ గురించి చెప్పారట. నాకది అయి ఆరేళ్లు.

క్లోమం వాపు అనగానే జనానికి మందు సీసాయే కనబడుతుంది. చుక్క ముట్టని నన్ను ఒక డాక్టరు మీ పెద్దమ్మ ఎదుటే "ఎన్నాళ్లనుంచి తాగుతున్నావ్?" అన్నాడు. చివరికి తేడా స్పింక్1 అనే జన్యువులో ఉందని తేలింది. ఒకే ఇంట్లో ఇద్దరికొచ్చింది గనక నువ్వూ ఆ పరీక్ష చేయించుకో.

తొందరపడొద్దు, అలాగని మరీ నాన్చొద్దు. షుగరు పూర్తిగా ముదిరాక వెళితే కాపాడుకోడానికి కణాలే మిగలవు. ఒంట్లో ఇన్సులిన్ ఇంకా ఎంత తయారవుతోందో చెప్పే సి-పెప్టైడ్ అనే రక్తపరీక్షలో అది తెలుస్తుంది. క్లోమం ఉంచేసి, దాని నాళం కోసి రాళ్లు తీసే ఆపరేషన్‌తోనే చాలామందికి నొప్పి తగ్గుతుంది. కానీ అది చేయించుకున్నాక దీనికి వెళితే దొరికే కణాలు తగ్గొచ్చు. నీకు ఏది ముందో గట్టిగా అడుగు. మొహమాటపడకు.

ఇది నిన్నమొన్నటి ప్రయోగమేం కాదు. 1977లోనే అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో చేశారు. తీసిన క్లోమాన్ని ల్యాబ్‌లో ఎంజైముతో కరిగించి, కణాల్ని వేరుచేసి, కాలేయానికి వెళ్లే పెద్ద సిరలోకి ఎక్కిస్తారు. నీ కణాలే కాబట్టి కిడ్నీ మార్పిడివాళ్లలా ఒళ్లు వాటిని తిప్పికొట్టకుండా ఆపే మందులు జీవితాంతం వాడక్కర్లేదు. ప్లీహం (స్ప్లీన్) కూడా తీసేస్తే, ఇన్ఫెక్షన్లు రాకుండా టీకాలు తప్పవు.

నొప్పి మర్నాటికే పోతుందనుకోకు. నా నొప్పి మాత్రలు మానడానికే ఎనిమిది నెలలు పట్టింది. ఇన్సులిన్ పూర్తిగా మానగలిగేది సుమారు మూడోవంతు మందే. నేను రాత్రిపూట కొద్దిగా వేసుకుంటున్నాను. కడుపు పట్టుకుని మంచం మీద దొర్లిన రోజులు తలుచుకుంటే ఆ సూది నాకు లెక్కే కాదు.

అసలు పని తిండి దగ్గరుంది. క్లోమం ఇచ్చే అరిగించే రసం ఇక మన ఒంట్లో ఊరదు. ప్రతి భోజనంలో మొదటి ముద్దతో అరిగించే ఎంజైముల క్యాప్సూల్ పడాలి. కొత్తలో ఒక పెళ్లిలో పులిహోర, నేతి బూరెలు లాగించాను. క్యాప్సూళ్లు ఇంట్లో విప్పిన చొక్కా జేబులోనే ఉండిపోయాయి! మర్నాడు బాత్రూంలో నీళ్లమీద నూనె తెట్టు కట్టింది. ఆ రోజునుంచి మీ పెద్దమ్మ పాత కుంకుమ భరిణ ఖాళీచేసి నా జేబులో పెట్టింది. గుడికెళ్లినా అదే, తీర్థానికెళ్లినా అదే.

హైదరాబాద్ టికెట్ తీసేముందు ఒక ఆదివారం ఇటు రా. గ్లూకోమీటరు వాడటం, షుగరు పడిపోతే ఏం చెయ్యాలో చూపిస్తాను. రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి తీసుకురా. పెద్దమ్మ చోడి అంబలి కాస్తానంటోంది.

మీ పెదనాన్న