బాస్కెట్‌బాల్ అకాడమీయా, బీటెక్కా: హనుమకొండ తండ్రి గారికి జవాబు

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. పాఠశాలల జాతీయ పోటీల్లో అండర్-17 రాష్ట్ర జట్టుకు ఆడాడు. ఇప్పుడు కాలేజీ మానేసి, వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు బాస్కెట్‌బాల్ అకాడమీలో చేరతానని పట్టుబడుతున్నాడు. ఏడాదికి ఐదు లక్షలు కడితే రెండేళ్ళలో విదేశీ లీగుల్లో ఆడిస్తామని వాళ్ళు అంటున్నారు. వాడి అక్క బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో స్థిరపడింది. వీడు మా పరువు తీసేలా ఉన్నాడు. అకాడమీ, బీటెక్ రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. అయితే మీ మనసులోని భయం వేరే ఉందని ఉత్తరం చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి కొడుకు అటు ఆటా లేక, ఇటు డిగ్రీ లేక, రెంటికీ చెడ్డ రేవడిలా ఇంట్లో కూర్చుంటాడేమోనన్నది ఆ భయం. క్రికెట్ పేరుతోనో, బ్యాడ్మింటన్ పేరుతోనో ఇదే భయాన్ని నేను ఏటా వింటూనే ఉన్నాను. అది అర్థం లేని భయం కాదు కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

బాస్కెట్‌బాల్‌ను వృత్తిగా చేసుకున్న వాళ్ళంటే టీవీలో కనిపించే తారలని మీ అబ్బాయి అనుకుంటూ ఉండవచ్చు. నిజానికి ఆ వృత్తిలో ఉన్న అత్యధికులు ఒక సీజనుకో, అందులో కొంత భాగానికో ఒప్పందం రాసుకొని, అది తీరగానే సంచి సర్దుకొని మరో ఊరికి, మరో జట్టుకు వెళ్ళేవాళ్ళు. అమెరికాలోని అగ్రశ్రేణి లీగు ఎన్‌బీఏలోనే ఇష్ స్మిత్ అనే ఆటగాడు ఉండేవాడు. జట్లు వరసగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2010లో అతన్ని ఏ జట్టూ తీసుకోలేదు; అయినా పట్టు వదలకుండా ఏకంగా పదమూడు జట్లకు ఆడి రికార్డు సృష్టించాడు, 2023లో డెన్వర్ జట్టు సభ్యుడిగా ఛాంపియన్ అయ్యాడు. గౌరవించదగిన జీవితం అది, కానీ జట్టు మారిన ప్రతిసారీ ఇల్లు, ఊరు, కోచ్, కుటుంబ ఏర్పాట్లు అన్నీ మళ్ళీ మొదటి నుంచి మొదలు పెట్టుకోవలసిన జీవితం కూడా. అక్కడ పది రోజుల ఒప్పందాలు కూడా ఉంటాయి: పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ఒకే జట్టుతో ఒక సీజనులో అలాంటివి రెండు దాటితే మిగిలిన సీజనంతా ఉంచుకోవాలి, లేదంటే పంపేయాలి.

మన దేశం నుంచి వెళ్ళిన వాళ్ళ సంగతి చూడండి. పంజాబ్‌లోని ఒక పల్లెలో పుట్టిన సత్నాం సింగ్‌ను 2015 డ్రాఫ్ట్‌లో డాలస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. ఏడడుగులు దాటిన ఆ మనిషి ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే కింది లీగుకు, అక్కడి నుంచి చివరకు వృత్తి కుస్తీకి వెళ్ళాడు. 2017లో అమృత్‌పాల్ సింగ్ సిడ్నీ కింగ్స్‌కు ఆడాడు. అదే ఏడాది ఆస్ట్రేలియాలోనే అడిలైడ్ జట్టు నుంచి ఒప్పందం అందుకున్న అప్పటి మన భారత కెప్టెన్ విశేష్ భృగువంశీ ఓఎన్‌జీసీ ఉద్యోగి. దేశంలోని అగ్రశ్రేణి ఆటగాడికే కాళ్ళ కింద ఒక ఉద్యోగం ఉందన్న విషయం మీ అబ్బాయికి చెప్పండి.

ఇక ఆ అకాడమీ మాటకొస్తాను. ఇలాంటి కరపత్రాలు ఈమధ్య నా బల్ల మీదకు తరచుగా వస్తున్నాయి, ప్రతిదాంట్లోనూ ‘విదేశీ లీగు’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటోంది. దాని కింద ఏ దేశం, ఏ డివిజన్, ఏ జట్టు అన్న వివరం మాత్రం ఉండదు. చాలా లీగుల్లో ఒక్కో జట్టుకు ఇంతమంది విదేశీయులే అన్న పరిమితి ఉంటుంది. ఆ రెండు మూడు చోట్ల కోసం అమెరికా కాలేజీల్లో నాలుగేళ్ళు రాటుదేలిన వాళ్ళు క్యూలో ఉంటారు, మన పాస్‌పోర్టుతో వెళ్ళిన కుర్రవాడు కూడా ఆ క్యూలోనే నిలబడాలి. పైగా ఆరడుగుల నాలుగంగుళాల పిల్లవాణ్ణి మన జిల్లాల్లో ఎత్తరి అని బుట్ట కింద నిలబెట్టి ఆడిస్తారు. బయటి దేశాల్లో ఆ ఎత్తు గార్డుది. అంటే అక్కడ అతను బంతిని కోర్టు పొడవునా తానే నడిపించుకొని రావాలి, బుట్టకు 6.75 మీటర్ల దూరంలోని మూడు పాయింట్ల గీత బయటి నుంచి గురి చూసి వేయాలి. బుట్ట కిందే పెరిగిన పిల్లవాడికి ఈ విద్య రెండేళ్ళలో వస్తుందని హామీ ఇచ్చేవాళ్ళను నేను నమ్మను.

కొన్నేళ్ళ కిందట నా దగ్గరకు వచ్చిన ఒక యువకుణ్ణి ఇప్పటికీ మరచిపోలేదు. ఇలాంటి మాటలే నమ్మి డబ్బు కట్టి, రెండు దేశాల్లో చిన్న జట్లకు ఆడి, రెండో చోట మూడు నెలల జీతం రాకుండానే తిరిగి వచ్చాడు. కుర్చీలో కూర్చోవడానికి ముందు రెండు చేతులూ ఆనించుకొని, కుడి కాలు ముందుకు చాచి, మెల్లగా ఒరిగాడు. సిమెంటు కోర్టుల మీద ఏళ్ళ తరబడి ఎగిరి దూకిన మోకాలు అది. రైల్వేలో క్రీడల కోటా గురించి అడగడానికి వచ్చాడు. ఆ కోటాకు వయసు పద్దెనిమిది నుంచి ఇరవై ఐదు, సడలింపు లేదు. అతనికి అప్పటికి ఇరవై ఏడు. జీతాల ఎగవేత ఎంత మామూలంటే, అలాంటి తగాదాలు తీర్చడానికి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా 2007లో ప్రత్యేకంగా ఒక మధ్యవర్తిత్వ మండలిని ఏర్పాటు చేయవలసి వచ్చింది. అయితే ఒప్పందంలో ఆ మండలికి వెళ్ళే షరతు రాసి ఉంటేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. అతని కాగితంలో ఆ షరతు లేదు.

ఇప్పుడు మీతో ఒక మాట, నొప్పించినా చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో అక్క ఉద్యోగం ఉంది, పరువు ఉంది, ఐదు లక్షలు ఉన్నాయి. కొడుకు ఏ స్థానంలో ఆడతాడన్నది ఎక్కడా లేదు. రాష్ట్ర జట్టు చొక్కా తొడిగిన పిల్లవాడి ఆటను తండ్రి ఒక్కసారైనా గట్టు మీద కూర్చొని చూశాడా అన్న అనుమానం నాకు కలిగింది. జాతీయ పోటీల దాకా వెళ్ళిన కొడుకు వల్ల ఏ తండ్రి పరువు పోతుందండీ? ఇంట్లో ఎవరూ తన ఆట గురించి మాట్లాడకపోతే, మాట్లాడే మొదటి మనిషి అకాడమీ ఏజెంటే అవుతాడు. పిల్లవాడు అతని వెనక వెళ్ళాడంటే అందులో సగం తప్పు మీది. అక్కతో పోల్చడం ఈ రోజుతో ఆపేయండి.

మీకు తెలియని శుభవార్త ఒకటి ఉంది. పాఠశాలల జాతీయ పోటీల్లో ఆడినందుకు కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగాల దరఖాస్తుకు ఫారం-4 అనే ధ్రువపత్రం ఉంటుంది, దాని మీద విద్యాశాఖ అధికారి సంతకం కావాలి. అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, రాష్ట్రం తరఫున ఫెడరేషన్ జాతీయ పోటీలకు ఫారం-2. మీ అబ్బాయి మొదటి మెట్టు ఇప్పటికే ఎక్కాడు. రైల్వేకు పాఠశాల స్థాయి సరిపోదు, పై స్థాయి పోటీలు కావాలి. కానీ అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్ళాలంటే ఏదో ఒక కాలేజీ రిజిస్టరులో పేరు ఉండాలి కదా. ఇంటర్ ఉంటే ఒక స్థాయి ఉద్యోగం, డిగ్రీ ఉంటే అంతకు పై స్థాయి. రైల్వే నోటిఫికేషన్లు చూస్తే మీకే తెలుస్తుంది. అమెరికా కాలేజీ జట్టులో ఆడాలన్న కోరిక ఉన్నా అక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ తొమ్మిదో తరగతి నుంచి మార్కులు చూస్తుంది. అంటే అబ్బాయి కలలో ఏ దారి పట్టుకున్నా కాలేజీ మధ్యలోనే ఉంది.

పోలిక గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇంటర్ పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత బీటెక్కే చదవాలని నేను అనను. కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలో మామూలు డిగ్రీలో చేరి రెండు పూటలా ఆడినా నాకు అభ్యంతరం లేదు, ఎప్‌సెట్ ర్యాంకు రాకపోతే కుంగిపోకండి. పదిహేడేళ్ళ పిల్లవాడికి ఇరవై ఐదు దాకా ఎనిమిదేళ్ళ సమయం ఉంది, ఒకటి రెండేళ్ళు ఆటకు ఎక్కువ ఇచ్చినా అతని జీవితం చెడిపోదు. చేతిలో డిగ్రీ, ఫారాలు, దెబ్బతినని మోకాళ్ళు ఉంటే ఆ తర్వాత రెండేళ్ళు ఊరూరా తిరిగి ఆడి వస్తానన్నా నేనే పంపమంటాను.

వచ్చే ఆదివారం ఉదయం అబ్బాయితో పాటు కోర్టుకు వెళ్ళి, మాట్లాడకుండా ఒక గంట కూర్చోండి. ఇంటికి వచ్చాక అకాడమీ వాళ్ళిచ్చిన కాగితాలు ఇద్దరూ కలిసి చదవండి. కిందటి రెండేళ్ళలో వాళ్ళ పిల్లలు ఏ దేశంలో, ఏ జట్టుకు, ఎన్ని నెలలు ఆడారో రాసిమ్మని అడగండి. వాళ్ళు రాసిస్తే ఆ కాగితం నాకు పంపండి, మీతో పాటు నేనూ చదువుతాను.