డీడీఆర్5 సంగతి తర్వాత, ఆ పాత ఎస్ఎస్‌డీ ఎక్కడుంది?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో జీఎస్టీ, ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. ల్యాప్‌టాప్‌లో డీడీఆర్4 ర్యామ్ తీసి డీడీఆర్5 వేస్తే స్పీడ్ పెరుగుతుందా? ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ డ్రైవ్ కూడా పెద్దది వేయిస్తున్నాను. పాతది ఫార్మాట్ కొట్టి షాపులో ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేయొచ్చా?

జవాబు: మొదటిది కుదరదండీ. రెండు స్టిక్కులూ పక్కపక్కన పెట్టి చూడండి, కింది గాటు ఒకేచోట ఉండదు, స్లాట్‌లో దిగదు. వారం వారం ఇదే ప్రశ్న. డీడీఆర్5 మంచి డిజైనే, వోల్టేజీ 1.2 వోల్టుల నుంచి 1.1కి తగ్గింది, ఒక్కో స్టిక్కునీ రెండు 32 బిట్ల దారులుగా విడగొట్టారు, చిప్ లోపల వచ్చే తప్పుల్ని చిప్పే దిద్దుకుంటుంది. అయితే ఆ దిద్దుబాటు చిప్ గడప దాటదు. ప్రాసెసర్‌కి వెళ్లే దారిలో బిట్టు మారితే పట్టుకోడానికి అసలైన ఈసీసీ (తప్పుల్ని పట్టి దిద్దే) ర్యామ్ వేరే కావాలి, ‘ఇందులో ఈసీసీ ఉందండీ’ అని అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. ట్యాలీకీ ఎక్సెల్‌కీ మీకు 8 జీబీ ర్యామ్ ఉంటే 16 చేయించుకోండి, చాలు.

నా టెన్షన్ అంతా రెండోదానితోనే. ర్యామ్‌లో ఛార్జ్ కారిపోతుంటుంది కాబట్టి డీడీఆర్4లో 64, డీడీఆర్5లో 32 మిల్లీసెకన్లలోపు మళ్లీ నింపుతూ ఉండాలి, పవర్ తీస్తే కాసేపట్లో అంతా పోతుంది. ఎస్ఎస్‌డీలో ఉండే ఫ్లాష్ చిప్ అలా కాదు, ఛార్జ్‌ని ఇన్సులేషన్ మధ్య బంధించి పెడుతుంది. పైగా ఉన్నచోటే తిరగరాయదు. రాసేకొద్దీ అరిగే సెల్స్ (ఛార్జ్ దాచే చిన్న అరలు) సమానంగా అరగాలని కొత్తచోట రాసి, పాతదాన్ని తీరిగ్గా చెరుపుతుంది, విండోస్‌కి కనపడని స్పేర్ జాగా కూడా ఉంచుకుంటుంది. అందుకే మూడుసార్లు ఓవర్‌రైట్ చేసినా ఏదో మూల పాత కాపీ మిగలొచ్చు. ఫార్మాట్‌తో పాటు ‘ఈ జాగా ఇక అక్కర్లేదు’ అని డ్రైవ్‌కి చెప్పే ట్రిమ్ కమాండ్ వెళ్తే చాలావరకు పోతుంది, కానీ చాలా యూఎస్‌బీ కేసుల్లో అది డ్రైవ్ దాకా చేరదు.

ఈమధ్య విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక షాపు కౌంటర్ మీద స్టీలు పళ్లెంలో పది పన్నెండు పాత ఎస్ఎస్‌డీలు చూశాను, ఒకదాని మీద ‘ఆఫీస్ అకౌంట్స్’ అని స్కెచ్ పెన్నుతో రాసిన స్టిక్కర్ ఇంకా ఉంది. మీ డ్రైవ్‌లో ఉన్నది మీ సొత్తు కాదు, వందలమంది పాన్, ఆధార్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు! బయాస్‌లోనో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్), డ్రైవ్ కంపెనీ టూల్‌లోనో సెక్యూర్ ఎరేజ్ కొట్టండి, డ్రైవే తనలో ఉన్నదంతా చెరుపుకుంటుంది. కొత్తదాంట్లో ఫైళ్లు ఎక్కించకముందే డ్రైవ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే (తాళం వేసే) విండోస్ బిట్‌లాకర్ ఆన్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. డ్రైవ్ చచ్చిపోతే ఎరేజ్ కూడా నడవదు, అప్పుడు ఎన్‌క్రిప్షన్ ఒక్కటే దిక్కు, అదీ లేకపోతే కేసు విప్పి నల్ల చిప్‌లన్నీ సుత్తితో పగలగొట్టండి. వందకో రెండొందలకో ఆశపడి షాపులో ఇవ్వొద్దు.

డబ్బా మీద టీబీలు పెద్దక్షరాల్లో వేస్తారు గానీ లోపలున్న ఫ్లాష్ టీఎల్‌సీనో (సెల్‌కి మూడు బిట్లు) క్యూఎల్‌సీనో (నాలుగు బిట్లు) వేయరు, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒక్కో సెల్‌లో మొదటిది 8 ఛార్జ్ మెట్లు గుర్తుపట్టాలి, రెండోది 16. మెట్లు దగ్గరయ్యేకొద్దీ అరుగుదల ఎక్కువ, రాత నెమ్మది. అరిగిన డ్రైవ్‌ని పవర్ లేకుండా వేడిగా ఉండే గదిలో ఏళ్లకేళ్లు పడేస్తే ఛార్జ్ కూడా కారిపోతుంది, మన గుంటూరు ఎండలు తెలిసినవే కదా. పాత సంవత్సరాల రిటర్నులకి ఇంకో కాపీ హార్డ్‌డిస్క్‌లో ఉంచండి, కొత్త ఎస్ఎస్‌డీ బిల్లు మీద టీఎల్‌సీ అని రాయించుకోండి.