గుర్రం మొండికేసిందనుకునే ముందు నోరు చూపించు

చిన్నా,

కళ్ళెం వేయగానే నీ గుర్రం తల విదిలిస్తోందని, ఎడమవైపు తిప్పితే మొరాయిస్తోందని రాశావు. శిక్షణ సంగతి తర్వాత, ముందు దాని పళ్ళు పశువుల డాక్టర్‌కి చూపించు.

గుర్రం పళ్ళు మన పళ్ళలాంటివి కావు. గడ్డి నమిలి నమిలి అరిగిపోతుంటాయి, చిగుళ్ళలోంచి ఏడాదికి 2, 3 మిల్లీమీటర్లు బయటికి వస్తూ ఉంటాయి. పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు, అందుకని అంచులు పూర్తిగా అరగక పై పళ్ళకి బుగ్గవైపు, కింది పళ్ళకి నాలుకవైపు కత్తిలా వాడి తేలుతుంది. కళ్ళెం బిగిసినప్పుడు బుగ్గ ఆ అంచుకి ఒత్తుకుని పుండు పడుతుంది. తల విదల్చక ఏం చేస్తుంది పాపం?

నేనూ ఒక ఆడగుర్రాన్ని మొండిదని రెండు నెలలు తిట్టాను, కళ్ళేలు మార్చి మార్చి చూశాను. డాక్టర్ దాని నోరు తెరిచి చూపిస్తే బుగ్గ లోపలంతా పుండ్లు. ఆ నొప్పితో ఉన్నదాన్ని పరిగెత్తించానన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అది మేస్తున్నప్పుడు పక్కనే నిలబడి చూడు. సగం నమిలిన గడ్డి ఉండలుగా జారిపడుతోందా, తల ఓ పక్కకి వంచి నములుతోందా, లద్దిలో గింజలు అలాగే వస్తున్నాయా, నోరు కంపు కొడుతోందా. ఒక్క ముక్కురంధ్రంలోంచే కంపు చీము కారితే మాత్రం పై పంటి వేరు చీముపట్టి సైనస్‌లోకి, అంటే ముఖం ఎముకల్లోని గాలి గదిలోకి, దిగి ఉండొచ్చు, రోజులు లెక్కపెట్టకుండా డాక్టర్ని పిలువు. ఏ గుర్తూ కనిపించకపోయినా ఏడాదికోసారి చూపించాల్సిందే, ఎందుకంటే గుర్రాలు నొప్పిని చాలాకాలం దాచుకుంటాయి. పాలపళ్ళు రాలే వయసులో, అంటే రెండున్నర నుంచి ఐదేళ్ళ దాకా, ఆరు నెలలకోసారి. ముసలివాటికీ అంతే.

ఆ వాడి అంచులు అరగదీయడానికి ఆకురాయి నువ్వు పట్టుకోకు, అది డాక్టర్ పని. మత్తిచ్చి, నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, లైటు వేసి చూస్తేగానీ వెనక పళ్ళు కనిపించవు. ఎక్కువ అరగదీస్తే పంటి లోపలి జీవం దెబ్బతింటుంది, నమలడానికి కావాల్సిన గరుకూ పోతుంది, కాబట్టి వాడి అంచుల వరకే తీయమను. మత్తు పూర్తిగా దిగేదాకా మేత పెట్టకు, గొంతులో అడ్డుపడుతుంది.

పుండ్లు మానేదాకా కళ్ళెం వేయకు. మానాక కూడా ఎడమవైపు తిరగకపోతే అప్పుడు మళ్ళీ ఉత్తరం రాయి, శిక్షణ గురించి మాట్లాడుకుందాం.