వాలియంట్ హార్ట్స్‌లో టాక్సీ సీన్ దాటడం
తమ్ముడూ, మొదటి ప్రపంచ యుద్ధం మీద వచ్చిన ఈ వీడియో గేమ్‌లో అన్నా (ఆ అమ్మాయి పేరే అంత!) టాక్సీ నడిపే చోట పదిసార్లు పోయిందన్నావు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో ఆడుతున్నానన్నావు. తేడా అక్కడే. ఆ సీన్‌లో అడ్డొచ్చేవన్నీ మ్యూజిక్ తాళానికే వస్తాయి. బ్లూటూత్‌లో శబ్దం ఓ క్షణం ఆలస్యంగా చేరుతుంది, నువ్వు బండి తిప్పేసరికి బాంబు పడిపోయి ఉంటుంది. బెంగళూరు మడివాళ పీజీలో నాదీ ఇదే గోల. రూమ్మేట్ పాత వైరు ఇయర్‌ఫోన్స్ అడిగి పెట్టుకున్నా, రెండో ట్రైలోనే దాటేశా. కళ్ళకంటే చెవిని నమ్ము.

పజిల్స్‌లో ఇరుక్కుంటే యూట్యూబ్ తెరవకు, కాసేపాగితే పావురం హింట్ తెస్తుంది. మామ ఎమిల్ ఫ్రెంచి సైన్యంలో, అల్లుడు కార్ల్ జర్మన్ సైన్యంలో. ఆ కథ ముందే తెలిసిపోతే ఇంకేముంది? క్లైమాక్స్ మాత్రం రూమ్మేట్ పడుకున్నాకే ఆడు, నేను ఏడుస్తూ దొరికిపోయా.