మూడో డోసు సంగతి

అమ్మలూ,

వచ్చే వారం నుంచి వార్డులకు వెళ్తున్నావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. నా సంతోషం ఇంతా అంతా కాదు, మన ఇంట్లో తొలి డాక్టరువి. అయితే మాటల మధ్యలో, రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి జబ్బుకు టీకా రెండు డోసులే అయ్యాయని, మూడోది పరీక్షలయ్యాక చూసుకుంటానన్నావని తెలిసింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

గ్లవ్స్ వేసుకో. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు, తిన్నగా సూదుల డబ్బాలో వెయ్యి. ఇవన్నీ నువ్వు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. కానీ నర్సుగా పనిచేసినన్నాళ్లూ చూశాను, ఈ జబ్బు గురించి బాగా చదివినవాళ్లే అది తమ జోలికి రాదనుకుంటారు. రోగి మొహం చూసి అంచనా వేస్తారు. వైరస్ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఎండిన రక్తపు మరకలో కూడా అది వారం రోజులు బతికి ఉంటుంది.

మా వార్డులో ఒక హౌస్ సర్జన్ ఉండేది. నీలాగే చురుకైన పిల్ల. టీకా మొదటి డోసుతోనే ఆపేసింది. ఒక రాత్రి రక్తం తీసి సూదికి మూత పెట్టబోతే, మూత పట్టుకున్న ఎడమచేతి వేలికి గుచ్చుకుంది. ఆవగింజంత రక్తం. స్పిరిట్ దూదితో అద్దుకుని, కొత్త గ్లవ్స్ వేసుకుని తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే శాంపిల్ ఒలకబోసిందని పెద్ద డాక్టరు అందరి ముందూ తిట్టారు. మళ్లీ చీవాట్లు పడతాయని ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఆ రోగి రిపోర్టు పాజిటివ్ అని వచ్చింది. అప్పుడైనా నోరు విప్పితే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్), టీకా రెండూ వేసేవాళ్లు. విప్పలేదు. మూడు నెలలకు, కిటికీ పక్కన కేస్ షీటు రాసుకుంటుంటే ఆమె కళ్లలో పసుపు నా కంటపడింది. అప్పుడు ఏడుస్తూ చెప్పింది.

కోలుకుంది. పెద్దవాళ్లలో నూటికి 95 మంది కోలుకుంటారు. కానీ ఆరు నెలలు దాటినా వైరస్ రక్తంలో ఉంటే జబ్బు పాతుకుపోయినట్టే కదా. ఆ గడువు తీరేదాకా రిపోర్టు వచ్చిన ప్రతిసారీ కవరు నా చేతికిచ్చి, తను గోడవైపు తిరిగి నిలబడేది.

టీకా లేనివాళ్లకు పాజిటివ్ రక్తమున్న సూది గుచ్చుకుంటే నూటికి 30 మందికి దాకా ఈ జబ్బు సోకవచ్చు. హెచ్‌ఐవి అయితే వెయ్యికి 3. మీరంతా భయపడేది మాత్రం రెండోదానికే!

గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడుగు, పిండకు. రాత్రి రెండయినా సరే, డ్యూటీ డాక్టరును లేపి చెప్పు. ఇమ్యునోగ్లోబులిన్ 24 గంటల్లోపు పడాలి. తిడితే తిట్టించుకో తల్లీ, ఆ తర్వాత నాకు ఫోను చేసి ఎంతసేపయినా ఏడువు, వింటాను.

మొదటి డోసుకు ఆరు నెలలు నిండిపోయాయి, రేపే మూడోది వేయించుకో. ఆలస్యమైందని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఒకటి రెండు నెలలాగి, టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీబాడీ పరీక్ష చేయించు. అంకె 10కి తగ్గకూడదు. కొందరికి మూడు వేసినా అంత రాదు, మరో విడత వేస్తారు. అలా అయితే అది నీ తప్పు కాదు, నా దగ్గర దాచకు. రేపు సాయంత్రం ఫోను చేస్తాను, ఏ చేతికి వేశారో చెప్పు.

నీ పెద్దమ్మ